పాతకాలపు టీ పాత్రలు: వానిని చదువు విధము

విద్యార్థులారా! మన యిరుగుపొరుగువారి మాటలను చెవియొగ్గి వినుడు. తమిళులు తేయిలై యందురు. కన్నడిగులును మరాఠీవారును చహా యందురు. ఒడియావారు చా యందురు. తెలుగువారమగు మనము తేయాకు, తేనీరు, టీ, చాయ్ అను మాటలన్నిటిని వాడుచున్నాము. వీనికన్నిటికి మూలము చీనా దేశము. ఆ దేశపు ఆగ్నేయ తీరమున ఆ యాకును ‘తే’ యనియు, తక్కిన పెక్కు ప్రాంతములందు ‘చా’ యనియు పిలిచిరి. డచ్చి వర్తకులు ఓడలలో గొనిపోయిన మాట మొదటిది. పారశీకము మీదుగా మెట్టదారిని వచ్చిన మాట రెండవది. గిన్నెకు పారశీకులు పెట్టిన ‘పింగాన్’ అను పేరే మనకు పింగాణి యైనది. తమిళమున పీంగాన్ అయినది.

మాటకు పుట్టుక యున్నట్లే పాత్రకును పుట్టుక కలదు. దానిని చదువ నేర్చినవాడు మోసపోడు; చదువ నేరనివాడు అమూల్యమైన దానిని పాతసామానులవానికి ఇచ్చివేయును, లేదా నిన్నటి వస్తువును ప్రాచీనమని కొనితెచ్చుకొనును. కావున ఈ పాఠము పిల్లలతోపాటు పెద్దలును చదువదగినది.

పాత్రల పుట్టుక

చీనావారు మొదట తేయాకును అచ్చులుగా నొత్తి, పొడిచేసి, గిన్నెలలో కలుపుకొని త్రాగెడివారు. మింగు వంశ రాజుల కాలమున విడియాకును వేడినీట నానవేయు పద్ధతి వ్యాపించెను. అప్పుడు ముక్కును, మూతయు గల కూజా అవసరమయ్యెను. 17వ శతాబ్దమున తేయాకు ఐరోపాకు పోయినప్పుడు పింగాణియు దానివెంట పోయెను. పింగాణి నీటికి చెడదు, బరువైనది. అందుచే దానిని ఓడ యడుగున పేర్చి, తడి తగులరాని తేయాకును పైన ఉంచెడివారు.

పింగాణి చేయు రహస్యము ఐరోపావారికి చిరకాలము తెలియలేదు. 1708లో సాక్సనీ దేశమున చిర్న్‌హౌస్, బోట్గర్ అనువారు దానిని సాధించిరి. 1710లో మైసెన్ పట్టణమున కర్మాగారము వెలసెను. ఇంగ్లండున జోసయ్య వెడ్జ్‌వుడ్ 1765లో మీగడరంగు మట్టిపాత్రల టీ సెట్టును షార్లెట్ రాణికి సమర్పించెను. ఆ శతాబ్ది చివరిభాగమున జోసయ్య స్పోడ్ ఎముకల బూడిదను కలిపి చేయు పింగాణిని చక్కదిద్దెను. అదియే బోన్ చైనా. దానిలో సుమారు సగము పాలు ఎముకల బూడిద. తక్కినది తెల్లని చీనామట్టియు, కార్న్‌వాల్ రాతిపొడియు.

లెక్క కుదురుట

కొనువారు మొదట కప్పులను, సాసర్లను లెక్కించి, తక్కువైనచో సెట్టు అసంపూర్ణమందురు. ఇది యన్నివేళల నిజము కాదు. 19వ శతాబ్ది ఆరంభమున ఇంగ్లండు సెట్లలో టీ కప్పునకును కాఫీ కప్పునకును కలిపి ఒకే సాసరుండెడిది. ఒకే మారు రెండును త్రాగరు గదా! కావున కప్పులు ఇరువది నాలుగు, సాసర్లు పండ్రెండు ఉన్నచో ఏమియు పోయినట్లు కాదు. అంతకుముందటి చీనా కప్పులకును, వానిని చూచి చేసిన ఐరోపా కప్పులకును పిడి లేకుండుట సామాన్యము. పిడి విరిగినదా, మొదటినుండియు లేదా యని వ్రేలితో తడవి చూడవలెను.

అడుగున ముద్ర

పాత్రను బోర్లించి చూడుడు. 1842 మొదలు 1883 వరకు ఇంగ్లండున నమోదైన నమూనాలకు వజ్రాకారపు ముద్ర కలదు. 1884 నుండి దానికి బదులు వరుససంఖ్యను వేసిరి. 1890లో అమెరికా చేసిన సుంకపు శాసనము ననుసరించి, 1891 నుండి ఆ దేశమునకు పోవు సరకుపై పుట్టిన దేశము పేరు ఉండవలసి వచ్చెను. కాబట్టి ఇంగ్లండ్ అను పేరున్నచో అది సాధారణముగా ఆ కాలమునకు తరువాతిది. పేరు లేనంతమాత్రమున అది ముందటిదని చెప్పరాదు. అమెరికాకు పంపని సరకునకు ఆ నియమము లేదు. జపాను పాత్రలపై 1921 వరకు నిప్పాన్ అనియు, తరువాత జపాన్ అనియు వ్రాసిరి.

ఇచట పెక్కురు జారిపడుదురు. ముద్రలో 1770 అని యున్నచో అది కర్మాగారము స్థాపించిన సంవత్సరము కావచ్చును. పాత్ర పుట్టిన సంవత్సరము కానక్కరలేదు. మైసెన్‌వారి జంటకత్తుల ముద్రను అనుకరించినవారు అనేకులు. ముద్ర యొక సాక్షి మాత్రమే. మట్టి, పూత, ఆకారము అను తక్కిన సాక్షులను కూడ విచారింపవలెను.

కథయును సాక్ష్యము కాదు. నీలిరంగు విల్లో చెట్టు బొమ్మ గల పళ్లెములకు చీనా ప్రేమికుల గాథ యొకటి చెప్పుదురు. ఆ బొమ్మను కూర్చినవారు ఇంగ్లండువారు. గాథయు అమ్మకమునకై అచటనే తరువాత పుట్టినది.

పరీక్ష

పాత్రను వెలుగునకెదురుగా పట్టి వెనుక వ్రేళ్లుంచుడు. నీడ కనబడినచో పింగాణి; కనబడనిచో మట్టిపాత్ర కావచ్చును. గోటితో మెల్లగా మీటుడు. ఖంగుమన్నచో గట్టిది, బొంగురుగా మ్రోగినచో ఎచటనో బీట కలదు. మూత తన కూజాకే చెందినదా, రంగు సరిపోవుచున్నదా చూడుడు. బంగారుపూతను పీచుతోగాని బూడిదతోగాని తోమరాదు.

నూరేండ్లు దాటినదానిని ప్రాచీనమనుట వాడుక. 1972 నాటి మన దేశపు పురావస్తు శాసనమును సామాన్యముగా నూరేండ్లనే ప్రమాణముగా గొన్నది. అట్టి వస్తువులను అనుమతి లేక విదేశములకు పంపుట నేరము.

త్రాగవచ్చునా?

ఇది తల్లులు గమనింపవలసిన విషయము. పూర్వపు పూతలలోను, పైపై వేసిన రంగులలోను సీసము కలిపెడివారు. నిమ్మరసము, చింతపులుసు వంటి పులుపు తగిలినపుడు ఆ సీసము ఊడి ఆహారమున కలియును. అది పిల్లల మెదడునకు మిక్కిలి కీడు. పూత జాలివలె పగిలినను, రంగు అరిగినను అపాయము హెచ్చును. పాత పాత్రలను అలమరలో నుంచి చూచి యానందించుట క్షేమము; అందములో మయమరచి పసివానికి పాలు పోయరాదు.

ఇంటి చరిత్ర

తరతరములుగా పరభాషా ప్రాంతములందున్న మన కుటుంబములలో పాత్రతోబాటు దాని పేరును పోవుచున్నది. అమ్మమ్మ దానిని గిన్నె యనెనో, పింగాణి యనెనో మనుమరాలికి తెలియదు. వెల కట్టు వర్తకుడు ముద్రను చదువగలడుగాని, అది ఎవరి పెండ్లికి వచ్చెనో చదువలేడు. ఆ సంగతి తెలిసిన పెద్దలు ఇంట నున్నప్పుడే అడిగి తెలుగున వ్రాసి, ఆ కాగితమును పాత్రలో నుంచుడు.

అభ్యాసము

1. ఒక కప్పు అడుగున ‘స్థాపితము 1770’ అనియు, ‘ఇంగ్లండ్’ అనియు ఉన్నది. అది ఏ కాలపుదై యుండును? కారణము చెప్పుడు.
2. పాత కప్పులో నిమ్మరసము పోయరాదనుటకు హేతువేమి?
3. మీ యింటనున్న పాత పాత్ర నొకదానిని గూర్చి పెద్దలనడిగి పది వాక్యములు వ్రాయుడు. అది టీ పాత్రయే కానక్కరలేదు. ఇత్తడి చెంబైనను సరియే.