అంటువ్యాధియు, బాల్యవివాహమును

అంటువ్యాధి యూరు విడిచిన దినమున ఆపద గడచినదని మనము ఊపిరి పీల్చుకొందుము. కాని కూలి దొరకని మాసములలో పేదవాడు చేసిన ఋణము వ్యాధితోగూడ పోవునది కాదు. 2020లో కోవిడు ప్రబలినపుడు ఆ భారము పెక్కిండ్లలో పదునాలుగు, పదునైదేండ్ల యాడుబిడ్డపై బడెను. ఈ మహమ్మారి ఫలముగా 2030 లోపల లోకమున మరియొక కోటిమంది బాలికలు బాల్యవివాహమునకు లోనుకావచ్చునని ఐక్యరాజ్యసమితి బాలలనిధి 2021 మార్చిలో అంచనా వేసినది.

ఈ దురాచారమును వ్యాధియే పుట్టించినదని మేము చెప్పుట లేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ననుసరించి, 20 మొదలు 24 ఏండ్ల స్త్రీలలో పదునెనిమిదేండ్లు నిండకయే పెండ్లియైనవారు ఆంధ్రప్రదేశమున నూటికి 29 మందికిని, తెలంగాణమున 23 మందికిని పైగా నుండిరి. ఆ వివాహములన్నియు మహమ్మారికి పూర్వమే జరిగినవి. ఉన్న యాచారమునకు గల యడ్డుగోడలను వ్యాధి తీసివేసినది, అంతియే.

ఆ గోడలలో మొదటిది బడి. పెండ్లి యెప్పుడని చుట్టములడిగినపుడు, "చదువుకొనుచున్నది" అని తల్లి యొక్క మాటతో తప్పించుకొనగలదు. 2020 మార్చిలో బడులు మూతపడెను. తల్లి చెప్పు సమాధానమును మూతపడెను. రెండవది వివాహవ్యయము. యాబదిమందికి మించి వివాహమునకు రాగూడదని ప్రభుత్వము నియమింపగా, పందిరి, విందు, వాద్యములు అన్నియు తగ్గెను. అప్పులపాలైన తండ్రికి ఇంతకన్న చవుకయైన ముహూర్తము మరల దొరకునా? అతిథులు తగ్గినకొలది ఆక్షేపించు నోళ్లును తగ్గెను.

వ్యాధి తగ్గి బడి తలుపులు తెరచినంత మాత్రమున బాలికలు తిరిగి వత్తురనుకొనుట పొరబాటు. పశ్చిమాఫ్రికాలోని సియర్రాలియోను దేశమున 2014లో ఎబోలా వ్యాపింపగా పాఠశాలలు మాసములతరబడి మూయబడెను. 2015లో అవి తెరువబడినపుడు, గర్భవతులైన బాలికలు రాగూడదని ప్రభుత్వము నిషేధించెను. ఆ నిషేధము 2020 మార్చి వరకు తొలగలేదు. కష్టకాలమున చెడిన బ్రతుకునకు బడియే రెండవ శిక్ష విధించినది! కావున బడి తెరచిన వారముననే పూర్వపు హాజరుపట్టికను చేతబట్టి, రాని ప్రతి బాలిక యింటికిని పోవలెను. వివాహిత యైనను, బిడ్డతల్లి యైనను ఆమె పేరు కొట్టివేయరాదు.

ఇక శాసనమున్నది గదా యందురేని, 2006 నాటి బాల్యవివాహ నిషేధచట్టములోని యొక భేదమును మన విద్యావంతులు సైతము గమనింపరు. జరిగిపోయిన బాల్యవివాహము సామాన్యముగా దానంతట రద్దుకాదు. ఆ బాలికయే, లేక ఆమె పక్షమున సంరక్షకుడు, న్యాయస్థానము నాశ్రయింపవలెను. యుక్తవయస్సు వచ్చిన రెండేండ్లకు ఆ గడువును తీరిపోవును. అత్తవారింట నున్న యెందరు బాలికల కిది సాధ్యము? ముందుగనే మేజిస్ట్రేటు నిషేధపుటుత్తరువు నిచ్చియుండగా దాని నతిక్రమించి చేసిన వివాహమో, మొదటినుండియు చెల్లదు.

శుభలేఖ చేతికందినపుడు వధువు వయస్సు నడుగుట మర్యాద కాదని మౌనము వహించి, ఆ విందారగించి, మరునాడు సభలో స్త్రీవిద్యను గూర్చి ప్రసంగించువారిని మేమెరుగుదుము. ముహూర్తమునకు ముందు ఆ విన్నపము చేయుటకు బంధుత్వ మక్కరలేదు. నమ్మదగిన సమాచారము గల యెవరైనను మేజిస్ట్రేటునకు చేయవచ్చును. 1098 సంఖ్యకు ఫోను చేయవచ్చును. అక్షయతృతీయవంటి దినములందు సామూహిక బాల్యవివాహముల నాపుటకు జిల్లా మేజిస్ట్రేటునకే నిషేధాధికారి యధికారములు గలవు. ఉత్తరువుతోగూడ ఆ యింటికి బియ్యమును, బాలికకు పుస్తకములును చేరవలెను. చేరనిచో పెండ్లి మరియొక యూరికి తరలును.