గెడ్డ చేసే పని తొట్టిలో ఎవరు చేస్తారు?

(సైన్సు పాఠం)



పోయిన సంవత్సరం విజ్ఞాన యాత్రకి పట్నం వెళ్లినప్పుడు ఒక చేపల ప్రదర్శనశాల చూశాం కదా. టిక్కెట్టు కొనుక్కుని ఎంతో ఆశగా లోపలికి వెళ్లాం. కొన్ని తొట్లు బాగానే ఉన్నాయి. కొన్నిటికి అద్దం నిండా పచ్చని నాచు పట్టేసింది. ఒక తొట్టిలో బుడగల మోటారు ఆగిపోయి ఉంది. అందులో చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరిచి మూస్తున్నాయి. "అవి మనతో మాట్లాడుతున్నాయిరా" అని ఆరో తరగతి పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. అవి మాట్లాడడం లేదు, ఊపిరి అందక అల్లాడుతున్నాయి అని అప్పుడు తెలియలేదు.

తెలిసింది ఎప్పుడంటే, మన ల్యాబులో చేపలు చచ్చిపోయినప్పుడు. దసరా సెలవులకి ఇళ్లకి వెళ్తూ, పాపం ఆకలేస్తుందని గుప్పెళ్లతో మేత, దానిపైన ఇంత అన్నం వేసి వెళ్లాం. తిరిగి వచ్చేసరికి నీళ్లు కంపు కొడుతున్నాయి. పన్నెండింటిలో నాలుగు తేలిపోయాయి. గబగబా తొట్టి అంతా కడిగేసి, స్పాంజిని కుళాయి కింద పిండి, తెల్లగా కొత్త నీళ్లు పోశాం. మర్నాటికి ఇంకో మూడు పోయాయి. ఎవరో విషం వేశారన్నారు కొందరు. దిష్టి తగిలిందన్నారు కొందరు. సైన్సు మాస్టారు మాత్రం "విషం బయటినుంచి రాలేదు, మనమే తయారుచేశాం" అన్నారు. అది ఎలాగో ఇప్పుడు చెప్పుకుందాం.

1. నీటిలో ఊపిరి

చేప మొప్పలతో నీటిలో కరిగిన ఆక్సిజన్‌ని తీసుకుంటుంది. ఒక లీటరు గాలిలో సుమారు 280 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. అదే లీటరు మంచినీటిలో, 20 డిగ్రీల చల్లదనంలో, 9 మిల్లీగ్రాములే ఉంటుంది. 30 డిగ్రీలకి వేడెక్కితే 7.5కి తగ్గిపోతుంది. అంటే ఎండాకాలంలో చేపకి ఊపిరి మరీ కరువు అన్నమాట. గెడ్డలో నీరు రాళ్లమీద దూకుతూ నురగలు కక్కుతూ గాలిని కలుపుకుంటుంది. తొట్టిలో ఆ పని బుడగల మోటారుది. మోటారు ఆగితే గెడ్డ ఆగినట్టే.

2. కంటికి కనపడని విషం

చేప ఊపిరి తీసేటప్పుడు మొప్పల నుంచి అమ్మోనియా వదులుతుంది. దాని మలం, మిగిలిన మేత కుళ్లినా అమ్మోనియాయే వస్తుంది. ఇది చేపకి విషం. మొప్పలని కాల్చేస్తుంది. దీనికి రంగు లేదు. అందుకే నీళ్లు తేటగా ఉన్నాయి కాబట్టి మంచివే అనుకోకూడదు.

మరి గెడ్డలో చేపలు ఎలా బతుకుతున్నాయి? ఒకటి, పారే నీరు మురికిని తీసుకుపోతుంది. రెండు, రాళ్లమీద, ఇసుకమీద ఉండే బాక్టీరియా దానిని మార్చేస్తుంది. నైట్రోసోమోనాస్ వంటి బాక్టీరియా అమ్మోనియాని నైట్రైటుగా మారుస్తుంది. నైట్రైటు కూడా విషమే. అది చేప రక్తంలో చేరితే రక్తం గోధుమరంగుకి తిరిగి, ఆక్సిజన్ మొయ్యలేకపోతుంది. అప్పుడు నైట్రోస్పైరా వంటి మరో బాక్టీరియా దానిని నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటు అంత ప్రమాదం కాదు. మొక్కలు, నాచు దానిని ఎరువుగా తీసుకుంటాయి. తొట్టిలో మిగిలినదాన్ని మాత్రం కొంచెం కొంచెం నీళ్లు మార్చి మనమే తియ్యాలి.

తొట్టిలో ఈ బాక్టీరియా ఎక్కువగా ఉండేది స్పాంజిలోను, అడుగున వేసిన గులకరాళ్లమీదాను. కొత్త తొట్టిలో అది సరిపడా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మన కుళాయి నీళ్లలో బ్లీచింగు పొడి కలుపుతారు. దానిలోని క్లోరిన్ బాక్టీరియాని చంపుతుంది, చేప మొప్పలనీ కాలుస్తుంది. ఇప్పుడు తెలిసిందా? మొదటి నాలుగు చేపలని మన ప్రేమ చంపింది, తరవాతి మూడింటిని మన శుభ్రత చంపింది. రెండుసార్లూ మనం మంచిపనే చేస్తున్నాం అనుకున్నాం.

3. పెద్ద తొట్టి, పెద్ద ప్రాణి

మనకి తెలియక జరిగింది సరే, డబ్బు, డాక్టర్లు ఉన్నచోట ఇలా జరగదు కదా అని నేను అడిగాను. అప్పుడు మాస్టారు అమెరికాలో జరిగిన ఒక సంగతి చెప్పారు.

1970 ఆగస్టులో, అమెరికా వాయవ్య మూలన ఉన్న వాషింగ్టన్ రాష్ట్రపు సముద్రంలో ఓర్కా పిల్లలని వలలు వేసి పట్టారు. ఓర్కాని కిల్లర్ వేల్ అంటారు గాని అది డాల్ఫిన్ల కుటుంబానిది. ఆ పిల్లల్లో ఒక ఆడపిల్లని ఫ్లోరిడాలోని మయామీ సీక్వేరియంకి అమ్మారు. దానికి టోకిటే అని పేరు, ఆటల్లో లొలీటా అని పిలిచేవారు. దాని తొట్టి పొడవు 80 అడుగులు, వెడల్పు 35 అడుగులు, ఎక్కువ లోతు 20 అడుగులు. ఓర్కా సముద్రంలో ఒక్కరోజులో వంద కిలోమీటర్లు కూడా ఈదగలదు. తోడుగా ఉన్న హ్యూగో అనే మగ ఓర్కా తల పదేపదే గోడకి కొట్టుకునేది. అది 1980లో చనిపోయింది. ఆ తరవాత టోకిటే తన జాతివాళ్లు ఒక్కరు కూడా లేకుండా నలభై ఏళ్లపైన ఆ తొట్టిలోనే ఉంది.

2021లో ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లు అక్కడ తనిఖీ చేశారు. చెడిపోతున్న చేపలని మేతగా వేశారని, పశువైద్యుల మాట వినలేదని, నీరు బాగులేదని, ఎండకి నీడ చాలదని రాశారు. చూశారా, మన తొట్టిలో జరిగిన తప్పులే, కాకపోతే చాలా పెద్దవి. అక్కడ తెలియక కాదు, తెలిసినవాళ్లు చెప్పినా వినక.

టోకిటే కోసం గట్టిగా పోరాడినవారిలో లమ్మీ తెగ ఒకటి. వారు ఆ వాషింగ్టన్ తీరపు ఆదివాసులు. ఓర్కాలని వారి భాషలో "అలల కింద ఉన్న మన చుట్టాలు" అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. చుట్టాన్ని ఇంటికి తెచ్చుకుంటాం అని ఏళ్లతరబడి అడిగారు. ఇందులో మనకి వింత ఏముంది? మనలో పులిని, పామునీ, కోతినీ తమ గోత్రంగా చెప్పుకునే ఇళ్లు లేవా? చివరికి 2023 మార్చిలో దానిని సొంత సముద్రానికి పంపిస్తామని ప్రకటించారు. కాని అదే ఏడాది ఆగస్టు 18న టోకిటే చనిపోయింది. దాని వయసు సుమారు 57 ఏళ్లు. బూడిదని లమ్మీవారు తీసుకువెళ్లి దాని సముద్రంలో కలిపారు. ఆ ప్రదర్శనశాల 2025 అక్టోబరులో మూతపడింది.

మన దేశంలో 2013లోనే కేంద్ర ప్రభుత్వం డాల్ఫిన్ల ఆటల కేంద్రాలకి అనుమతి ఇవ్వరాదని ఆదేశించింది. చేపల తొట్లకి మాత్రం మన కళ్లే ఇన్‌స్పెక్టర్లు.

4. మనం చెయ్యవలసినవి

హుకుంపేట మండలం మఠం దగ్గరి మత్స్యగుండం మీలో చాలామంది చూసే ఉంటారు. అక్కడ చేపలని ఎవ్వరూ పట్టరు, మేత వేసి దండం పెట్టుకుంటారు. అక్కడ నీటిని గెడ్డ చూసుకుంటుంది. తొట్టిలో పెట్టినవాళ్లు మాత్రం గెడ్డ పని కూడా నెత్తిన వేసుకున్నట్టే. కాబట్టి:

• మేత రెండు మూడు నిమిషాల్లో తినేంతే వెయ్యాలి. అన్నం వద్దు.
• వారానికి ఒకసారి నాలుగోవంతు నీళ్లు మాత్రమే మార్చాలి. ఆ నీళ్లు ఒకరోజు ముందే బకెట్లలో మూత లేకుండా ఉంచాలి.
• స్పాంజిని తొట్టినుంచి తీసిన నీళ్లలోనే పిండాలి.
• చేపలు పైకి వచ్చి నోళ్లు ఆడిస్తుంటే నవ్వకూడదు. మోటారు చూడాలి, కొంత నీరు మార్చాలి.
• తొట్టి చేపలని గెడ్డలో వదలకూడదు. అవి వేరే దేశాలవి. తొట్ల నుంచి బయటపడ్డ సక్కర్ చేప ఇప్పటికే మన నదుల్లో పెరిగిపోయి జాలర్ల వలలు చింపుతోంది.

వార్డెన్ గారికి ఒక మనవి. మిగిలిన ఐదు చేపలకి వంటగది డ్యూటీ లాగానే రోజుకొకరికి డ్యూటీ వెయ్యండి. సంక్రాంతి సెలవుల్లో హాస్టల్లో ఉండేవారిలో ఒకరికి అప్పగించండి. అది కుదరకపోతే, ఈ ఐదూ పోయాక ఇంకో చేపని కొనవద్దని మా క్లబ్బు తీర్మానించింది. చూసుకోలేనప్పుడు ఖాళీ తొట్టి ఉండడమే మర్యాద.

ఆలోచించి చెప్పండి

1. నీళ్లు తేటగా ఉన్నా చేప ఎందుకు చనిపోవచ్చు?
2. ఎండాకాలంలో చేపలు ఎందుకు పైకి వస్తాయి?
3. స్పాంజిని కుళాయి కింద ఎందుకు పిండకూడదు?

జవాబులు కాగితంమీద రాసి ల్యాబు దగ్గర డబ్బాలో వెయ్యండి. సరైన జవాబులు వచ్చే సంచికలో.

– తొమ్మిదో తరగతి, సైన్సు క్లబ్బు