సర్దుకుపోని పైలట్ కావాలి

మామునూరు విమానాశ్రయం మళ్లీ వార్తల్లోకి వచ్చింది. నిజాం కాలం నాటి ఆ రన్‌వే 1981 దాకా పనిచేసి మూతపడింది. దాన్ని తిరిగి తెరవడానికి 2025లో కేంద్రం పచ్చజెండా ఊపాక జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు ఇంటర్ పిల్లల్లో పైలట్ ముచ్చట్లు మొదలయ్యాయి. వాళ్లు అడిగేది ఎక్కువగా ఇండిగో, ఎయిరిండియా కొలువుల గురించే. ఆ దారికి లక్షలకు లక్షలు ఫీజు కట్టాలి. ప్రభుత్వమే జీతమిచ్చి నేర్పే మరో దారి ఉంది. దాని చివర చాలామందికి తెలియని ఒక ఉద్యోగం ఉంది: టెస్ట్ పైలట్.

మనకు బాగా తెలిసిన ఉదాహరణ రాకేశ్ శర్మ. పుట్టింది పటియాలాలో అయినా చదివింది హైదరాబాద్‌లోనే, సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూల్లో, నిజాం కాలేజీలో. 1966లో నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ)లో చేరి 1970లో వాయుసేన పైలట్ అయ్యారు. మరుసటి ఏడే యుద్ధం వచ్చింది. ఇరవై రెండేళ్ల వయసులో మిగ్-21 మీద 21 సార్లు యుద్ధానికి ఎగిరారు. ఆ తర్వాత టెస్ట్ పైలట్ అయ్యారు. 1984 ఏప్రిల్‌లో సోయుజ్ టీ-11లో అంతరిక్షానికి వెళ్లొచ్చారు. మన పాఠ్యపుస్తకాలు ఆయన కథను సాధారణంగా అక్కడే ఆపేస్తాయి. కానీ 1987లో వాయుసేన నుంచి విరమణ పొందాక ఆయన విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్‌లో చేరి, నాసిక్‌లో 1992 దాకా, తర్వాత బెంగళూరులో విమానాలను పరీక్షించారు. అంతరిక్షంలో ఉన్నది ఎనిమిది రోజుల లోపే. అసలు కెరీర్ ఈ పరీక్షలదే.

ఇంతకీ ఏం పరీక్షిస్తారు? కొత్త విమానం ఎంత వేగంలో రెక్కలు వణుకుతాయో చూడాలనుకోండి. ఒక్కసారిగా పూర్తి వేగానికి పోరు. ముందుగా రాసుకున్న కార్డులో ఉన్న ఎత్తుకు వెళ్లి, ఉన్న వేగం దగ్గర ఆగి, కంట్రోల్ స్టిక్‌ను చిన్నగా కదిపి వదులుతారు. ఆ వణుకు ఎంతసేపట్లో సద్దుమణిగిందో కింద టెలిమెట్రీ గదిలో ఇంజినీర్లు తెర మీద చూస్తుంటారు. వాళ్లు సరే అంటేనే ఇంకొంచెం వేగం. తేడాగా ఉంటే ఆరోజుకు అంతే, దిగిపోవడమే. మన సొంత యుద్ధవిమానం తేజస్ తొలి నమూనాను 1995 నవంబరులో బయటికి తెచ్చి చూపించారు. వింగ్ కమాండర్ రాజీవ్ కొఠియాల్ దాన్ని తొలిసారి ఎగరేసింది 2001 జనవరి 4న, అదీ 18 నిమిషాలు. ఆ పద్దెనిమిది నిమిషాల కోసం ఐదేళ్లకు పైగా నేల మీద పని జరిగింది. సినిమాల్లో చూపించే దూకుడు ఇక్కడ పనికిరాదు.

యుద్ధ పైలట్‌కూ టెస్ట్ పైలట్‌కూ అసలు తేడా ఇక్కడే ఉంది. విమానం కాస్త ఎడమకు లాగుతోందంటే మంచి ఫైటర్ పైలట్ చెయ్యి దానంతటదే సరిచేసుకుంటుంది. యుద్ధంలో అది సుగుణమే, ఎందుకంటే ఉన్నదాంతో గెలవాలి. అదే టెస్ట్ పైలట్ అలా సర్దుకుపోయి, దిగాక 'బాగానే ఉంది సార్' అన్నాడంటే లోపం అలాగే ఉండిపోతుంది. రేపు కొత్తగా చేరిన కుర్రాడు, రాత్రిపూట, వర్షంలో, అదే విమానం నడపాల్సి వస్తుంది. అందుకే తాను ఎంత సర్దుకుపోవాల్సి వచ్చిందో కొలిచి చెప్పడమే ఈ ఉద్యోగం.

ఆ కొలతకు ఒక స్కేలు కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఫైటర్ నడిపి, తర్వాత అమెరికాలో టెస్ట్ పైలట్ అయిన జార్జ్ కూపర్, రాబర్ట్ హార్పర్‌తో కలిసి 1969లో దానికి తుదిరూపం ఇచ్చారు. 1 అంటే వంక పెట్టలేని విమానం, 10 అంటే అదుపు తప్పేది. విమానం అదుపులో ఉందా, ఓర్చుకోగల శ్రమతో పని పూర్తయిందా, మార్పులేమీ లేకుండానే సంతృప్తిగా ఉందా అని ఒక్కో ప్రశ్నకు జవాబిచ్చుకుంటూ పోతే అంకె తేలుతుంది. టెస్ట్ పైలట్ల శిక్షణలో ఇది తప్పనిసరి పాఠం. తెలుగు మీడియం పిల్లలకు నేను చెప్పేదొక్కటే. భౌతికశాస్త్రం ప్రాక్టికల్ రికార్డును పక్కవాడిది చూసి ఎక్కించకండి. మీరు చూసిన రీడింగే రాయండి, దాన్ని సొంత ఇంగ్లీషులో రెండు వాక్యాల్లో చెప్పడం అలవాటు చేసుకోండి. రేపటి ఫ్లైట్ రిపోర్టు అదే పని.

ఈ ఉద్యోగానికి నేరుగా దరఖాస్తు ఉండదు. ముందు వాయుసేన పైలట్ కావాలి, కొన్నేళ్లు స్క్వాడ్రన్‌లో ఎగరాలి. ఆ తర్వాత ఎంపికైతే బెంగళూరులోని వాయుసేన టెస్ట్ పైలట్స్ స్కూల్లో దాదాపు ఏడాది కోర్సు. అక్కడ ఎగరడం ఎంతో, లెక్కలూ నివేదికలూ అంత.

మొదటి మెట్టు ఎన్‌డీఏ. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పరీక్ష పెడుతుంది. వాయుసేనకైతే ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాలి, వయసు పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర మధ్య. గణితానికి 300 మార్కులు, జనరల్ ఎబిలిటీకి 600, సర్వీసెస్ సెలక్షన్ బోర్డు (ఎస్‌ఎస్‌బీ) ఇంటర్వ్యూకు 900. అంటే సగం మార్కులు ఇంటర్వ్యూవే. కోచింగ్ సెంటర్ల ప్రకటనల్లో ఈ సంగతి పెద్దగా కనిపించదు. ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే. డిగ్రీ లేదా బీటెక్ తర్వాతైతే వాయుసేన సొంత ప్రవేశ పరీక్ష ఏఎఫ్‌క్యాట్ ఉంది. దానిలో ఫ్లయింగ్ బ్రాంచికి 20 నుంచి 24 ఏళ్ల వయసు, డిగ్రీలో 60 శాతం, ఇంటర్ మ్యాథ్స్, ఫిజిక్స్‌లలో చెరో 50 శాతం కావాలి. కేవలం బైపీసీ, సీఈసీ చదివినవాళ్లకు ఈ తలుపు తెరుచుకోదు. ఎంపికైతే విమాన శిక్షణ చాలావరకు మన చుట్టుపక్కలే: దుండిగల్, హకీంపేట, తర్వాత బీదర్.

జాగ్రత్తపడాల్సినది పైలట్ ఎంపికకు పెట్టే కంప్యూటర్ పరీక్ష, సీపీఎస్‌ఎస్. జీవితంలో ఒక్కసారే అవకాశం. తప్పితే వాయుసేనలో పైలట్ దారి మూసుకున్నట్టే. కాబట్టి 'ఊరికే రాసి చూద్దాం' అని పోవద్దు.

అమ్మాయిలకు ఎన్‌డీఏ తలుపులు 2022లో తెరుచుకున్నాయి. దేశంలో తొలి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు 2016 జూన్‌లో దుండిగల్‌లోనే కమిషన్ పొందారు. జనగామ అమ్మాయిలకు రైల్లో కాసేపట్లో చేరే భువనగిరిలో సైనిక కొలువులకు సిద్ధం చేసే గురుకుల మహిళా డిగ్రీ కళాశాల ఉంది. అబ్బాయిలకు కరీంనగర్ జిల్లా రుక్మాపూర్‌లో గురుకుల సైనిక పాఠశాల, మహబూబాబాద్‌కు దగ్గర్లోని అశోక్‌నగర్‌లో గిరిజన గురుకుల సైనిక పాఠశాల ఉన్నాయి. తండాల తల్లిదండ్రులు ఈ పాఠశాలల సంగతిని పిల్లలు అయిదో తరగతిలో ఉండగానే గమనిస్తే మేలు.

చదువు ఎంతదాకా అనేవాళ్లు నాసా వ్యోమగామి రాజాచారి వివరాలు చూడాలి. తండ్రి శ్రీనివాస్ ఉస్మానియాలో ఇంజినీరింగ్ చదివి అమెరికా వెళ్లారు. రాజాచారి అక్కడి వైమానిక అకాడమీలో డిగ్రీ, ఎంఐటీలో మాస్టర్స్ చేసి, ఎఫ్-15ఈలో ఇరాక్ యుద్ధంలో ఎగిరి, టెస్ట్ పైలట్ స్కూలు పూర్తిచేసి ఎఫ్-35 పరీక్షల బృందాన్ని నడిపారు. 2017లో నాసా ఎంపిక చేసింది. 2021 నవంబరులో క్రూ-3 కమాండర్‌గా వెళ్లి 177 రోజులు అంతరిక్షంలో ఉన్నారు. మన మానవసహిత అంతరిక్ష యాత్ర గగన్‌యాన్‌కు ఎంపికైన నలుగురూ టెస్ట్ పైలట్లే.

వైద్య పరీక్షలో పైలట్‌గా కుదరకపోయినా ఈ రంగం పోదు. టెలిమెట్రీ గదిలో కూర్చునే ఫ్లైట్ టెస్ట్ ఇంజినీర్లకు కూడా అదే బెంగళూరు స్కూల్లో కోర్సు ఉంది. వాయుసేన టెక్నికల్ బ్రాంచి నుంచి బీటెక్ వాళ్లు దానికి వెళతారు. మీకు ఏ దారి కుదురుతుందో ముందే తెలియాలంటే ఇంటర్ మొదటి ఏడాదిలోనే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపు, రంగుల గుర్తింపు, ఎత్తు ఒకసారి చూపించుకోండి. ఫ్లయింగ్‌కు కనీసం 162.5 సెంటీమీటర్లు కావాలి, కాళ్ల పొడవు కూడా కొలుస్తారు. ఆ కాగితం చేతికొచ్చాక ఎన్‌డీఏ పుస్తకం కొనాలా, ఎప్‌సెట్ పుస్తకం కొనాలా అన్నది తేల్చుకోవచ్చు.