బానెట్ కింద బతుకుదెరువు

పాత కారు ఇంజిన్ బేను శుభ్రం చేయడం నుంచి నిపుణుడైన మెకానిక్ వరకు...

పదిహేనేళ్లు దాటిన మారుతి 800 బానెట్ ఎత్తి చూడండి. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుని ఉంటుంది. ట్యాపెట్ కవర్ అంచున కారిన ఆయిల్‌కు ఏళ్ల దుమ్ము అంటుకుని నల్లగా చెక్కు కట్టి ఉంటుంది. ఎప్పుడో బిగించిన ఫాగ్ లైట్ల వైర్లు, ఎప్పుడో పీకేసిన అలారం వైర్లు టేపు ఊడి వేలాడుతుంటాయి. అద్దం కింది గాడిలో ఎండిన వేపాకులు. చాలామంది అది చూసి బానెట్ దించేస్తారు. పని నేర్చుకోవాలనుకునేవాళ్లు మాత్రం అక్కడే ఆగాలి.

ఆటోమొబైల్ రంగంలోకి రావాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలని పదో తరగతి, ఇంటర్, ఐటీఐ విద్యార్థులు అడుగుతుంటారు. ఒక పాత కారు ఇంజిన్ బేను పూర్తిగా శుభ్రం చేసి, వైర్లు సర్ది చూపించమంటాను. ఆ పని సరిగ్గా చేయాలంటే ప్రతి భాగాన్నీ చేత్తో తాకాలి, పేరు తెలుసుకోవాలి, దాని మీద నీళ్లు పడొచ్చో లేదో తెలియాలి, మరక ఎందుకొచ్చిందో ఆలోచించాలి. ఇంజిన్‌తో ఇంత దగ్గరి పరిచయం కలిగించే పని కొత్తవాళ్లకు మరొకటి లేదు.

ఏ కారు మీద నేర్చుకోవాలి?

1983 డిసెంబరులో రోడ్డెక్కి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన మారుతి 800 ఇప్పటికీ మన ఊళ్లలో తిరుగుతోంది. దానిది 796 సీసీ, మూడు సిలిండర్ల చిన్న ఇంజిన్. బానెట్ కింద చెయ్యి దూరేంత ఖాళీ ఉంటుంది, భాగాలన్నీ కంటికి కనిపిస్తాయి. పాత మోడళ్లలో కార్బొరేటర్, తర్వాతివాటిలో ఎంపీఎఫ్ఐ (మల్టీ పాయింట్ ఫ్యూయల్ ఇంజెక్షన్) ఉంటుంది కాబట్టి రెండు పద్ధతులూ ఒకే రకం బళ్ల మీద తెలుసుకోవచ్చు. ఆ కాలపు జెన్, శాంత్రో దొరికినా మంచిదే.

ఎలక్ట్రిక్, హైబ్రిడ్ బళ్ల జోలికి ఇప్పుడే పోవద్దు. నారింజ రంగు కేబుళ్లలో ప్రాణం తీసేంత వోల్టేజీ ఉంటుంది. అందుకు ప్రత్యేక శిక్షణ తీసుకోవాల్సిందే.

మరక చెప్పే సంగతి

నీళ్ల పైపు పట్టుకునే ముందు ఫోన్‌తో నాలుగు వైపులా ఫొటోలు తీయండి. నోటు పుస్తకంలో కనిపించిందల్లా రాయండి. ట్యాపెట్ కవర్ చుట్టూ జిడ్డు ఉంటే దాని ప్యాకింగ్ గట్టిపడి ఉండొచ్చు. రేడియేటర్ హోస్ పైపు మూతి దగ్గర రంగు చారలుంటే కూలెంట్ కారుతున్నట్టు. బ్రేక్ ఆయిల్ డబ్బా కింద రేకు మీద పెయింట్ ఉబ్బి లేచిపోతే అక్కడ బ్రేక్ ఆయిల్ ఒలికినట్టు. అది పెయింట్‌ను తినేస్తుంది. చిన్న నల్లటి పెంటికలు, కొరికిన వైరు పైపొర కనిపిస్తే ఎలుకలు చేరినట్టు.

ఇవన్నీ ఇంజిన్ ఇచ్చే సాక్ష్యాలు. చూడకుండా కడిగేస్తే సాక్ష్యం నీళ్లలో కొట్టుకుపోతుంది. నోటు పుస్తకంలో రాసుకున్నవాడు కారు యజమానికి జబ్బు ఎక్కడుందో చెప్పగలుగుతాడు. ఆ అలవాటే రేపు మిమ్మల్ని మెకానిక్‌గా నిలబెడుతుంది.

పని జరిగే తీరు

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. వేడి ఇంజిన్ మీద చన్నీళ్లు పడితే లోహం పగిలే ప్రమాదం ఉంది. వేడి మీద రేడియేటర్ మూత ఎప్పుడూ తీయకండి. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. స్పానర్‌తో ముందుగా బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ విప్పాలి. తిరిగి బిగించేటప్పుడు దాన్నే చివర బిగించాలి.

తర్వాత ఆకులు, దుమ్ము పొడిగా ఉండగానే బ్రష్‌తో, బ్లోయర్‌తో తీసేయాలి. ఆల్టర్నేటర్, డెల్కో (డిస్ట్రిబ్యూటర్), ఫ్యూజ్ బాక్స్, ఎయిర్ ఫిల్టర్ మూతి, కంప్యూటర్ బాక్స్... వీటికి పాలిథిన్ కవర్లు తొడిగి రబ్బరు బ్యాండ్లు వేయాలి. డిగ్రీజర్‌ను కింది నుంచి పైకి కొట్టి, కొన్ని నిమిషాలు నాననివ్వాలి. అది ఆరిపోక ముందే మందపాటి కుచ్చు బ్రష్‌తో మూలల్లో రుద్ది, సన్నటి ధారతో కడగాలి. ప్రెజర్ గన్ వద్దు.

ఎందుకు వద్దో నా చేతుల మీదుగానే తెలిసింది. షెడ్డులో చేరిన కొత్తలో తొందరగా పని ముగించాలని ఒక కారు ఇంజిన్ మీద ప్రెజర్ గన్ పెట్టాను. ఇంజిన్ తళతళా మెరిసింది. సెల్ఫ్ కొడితే మాత్రం గడగడలాడి ఆగిపోయింది. సాయంత్రం బండి తీసుకెళ్లాల్సిన పెద్దాయన బల్ల మీద కూర్చుని ఎదురుచూస్తున్నారు. మేస్త్రి గారు వచ్చి ఒక్క మాటా అనకుండా డెల్కో మూత రెండు క్లిప్పులూ విప్పి చూపించారు. లోపల నీటి బొట్లు. పొడి గుడ్డతో తుడిచి, గాలి కొట్టి, మూత బిగించాక ఇంజిన్ అందుకుంది. అప్పుడన్నారు: "నీళ్లు మురికికి పెట్టాల్రా నాన్నా, ఇంజిన్‌కి కాదు." ఆ రోజు నుంచి కవర్లు తొడగకుండా పైపు పట్టుకోలేదు.

కడిగాక కంప్రెసర్ గాలితో కనెక్టర్లు, స్పార్క్ ప్లగ్గుల గుంటలు ఆరబెట్టాలి. బ్యాటరీ టెర్మినల్ పొడికి గ్లాసు వేడినీళ్లలో చెంచా వంట సోడా కలిపి పోస్తే బుసబుసా పొంగి వదిలిపోతుంది. ఆ నీళ్లు బ్యాటరీ లోపలికి పోకుండా చూసుకోవాలి. ఆరాక టెర్మినల్ బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూత వేయాలి. ప్లాస్టిక్ భాగాలకు నీటితో తయారైన డ్రెస్సింగ్ రాయవచ్చు. ఫ్యాన్ బెల్టుకు మాత్రం అది తగలకూడదు, తగిలితే బెల్టు జారుతుంది.

వైర్లు సర్దడమే అసలు పరీక్ష

కడగడం ఒక పూటలో వస్తుంది. వైర్లు సర్దడానికి ఓపిక కావాలి. రెండు వైర్లు మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లు పాత కార్లలో కొల్లలుగా కనిపిస్తాయి. ఇంజిన్ వేడికి టేపు జిగురు కరిగి ఊడుతుంది, రాగి తీగ బయటపడుతుంది, రేకుకు తగిలితే నిప్పు పుడుతుంది. ప్రతి వైరూ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో మల్టీమీటర్‌తో చూసి, పనిలేనివి తీసేయాలి. ఉంచాల్సినవాటికి క్రింప్ చేసి, హీట్ ష్రింక్ స్లీవ్ తొడగాలి. ముడతల గొట్టంలోకి చేర్చి, వేడి భాగాలకు, తిరిగే బెల్టుకు దూరంగా కట్టాలి. అదనంగా బిగించిన హారన్‌కీ లైట్లకూ ఫ్యూజు, రిలే ఉన్నాయో లేదో చూడాలి. ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ వైరు మూతిని మెరిసేదాకా రుద్ది బిగిస్తే, సెల్ఫ్ నీరసంగా తిరిగే కార్లు కొన్ని అక్కడితోనే బాగుపడతాయి.

ఇది చేయగలిగితే మీరు సగం ఆటో ఎలక్ట్రీషియన్ అయినట్టే. మంచి ఆటో ఎలక్ట్రీషియన్ కోసం వెతకని షెడ్డు లేదు.

చదువు, శిక్షణ

పదో తరగతి పాసైనవారికి ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు రెండేళ్లు, మెకానిక్ డీజిల్ ఒక ఏడాది. పాలిసెట్ రాసి మూడేళ్ల ఆటోమొబైల్ ఇంజినీరింగ్ డిప్లొమాలో చేరవచ్చు. తక్కువ కాలపు శిక్షణ కావాలంటే ఆటోమోటివ్ స్కిల్స్ డెవలప్‌మెంట్ కౌన్సిల్ ప్రమాణాలతో నడిచే కోర్సులున్నాయి. చదువు ముగిశాక జాతీయ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే కంపెనీ వర్క్‌షాపుల్లో స్టైపెండ్‌తో పని నేర్చుకోవచ్చు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఒక మంచి మేస్త్రి దగ్గర గడిపే ఏడాది, సర్టిఫికెట్‌కు బలం చేకూరుస్తుంది.

అవకాశాలు ఎక్కడ?

డీలర్ల సర్వీస్ సెంటర్లు, కార్ డీటెయిలింగ్ స్టూడియోలు, పాత కార్లు కొని అమ్మే సంస్థలు, వాటి తనిఖీ విభాగాలు, బీమా సర్వేయర్ల కార్యాలయాలు... వీటన్నిటికీ బానెట్ ఎత్తగానే బండి పరిస్థితి చెప్పగలిగినవాళ్లు కావాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. తర్వాత తనిఖీ చేయించుకుని ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవాలి. అందుకే పాత బండిని జాగ్రత్తగా నిలుపుకునే యజమానులు నమ్మకమైన మనిషి కోసం చూస్తుంటారు.

అనుభవం వచ్చాక సొంతంగా మొదలుపెట్టవచ్చు. బ్రష్షులు, స్పానర్ సెట్టు, మల్టీమీటర్, క్రింపింగ్ ప్లయర్, చిన్న కంప్రెసర్‌తో ఇంటి దగ్గరికే వెళ్లి చేసే పని ఇది. 2015లో మొదలైన ముద్ర పథకంలో శిశు విభాగం కింద రూ.50 వేల వరకు రుణానికి బ్యాంకులో దరఖాస్తు చేయవచ్చు. జిడ్డు నీళ్లు మాత్రం వీధి కాలువలోకి వదలకండి. ట్రేలో పట్టి, జిడ్డును గుడ్డతో, రంపపు పొట్టుతో తీసి విడిగా పారేయాలి.

మెరుపు అమ్మకండి

పాత పద్ధతిలో ఇంజిన్‌కు డీజిల్ కొట్టి మెరిపించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. డీజిల్ రబ్బరు పైపులను ఉబ్బిస్తుంది, రెండు రోజుల్లో మళ్లీ దుమ్ము పట్టేలా చేస్తుంది, మంట అంటుకునే ప్రమాదం కూడా ఉంది. అంతకంటే పెద్ద తప్పు, బండి అమ్మకానికి ముందు లీకులు కనపడకుండా కడిగివ్వడం. కొనేవాడు తన కష్టార్జితం పెట్టి కొంటాడు. "ఇలా కడిగివ్వు, నాలుగు డబ్బులు ఎక్కువిస్తా" అని ఎవరైనా అంటే వద్దనండి. ఈ వృత్తిలో మీకు మిగిలే ఆస్తి మీ మాట మీద ఉన్న నమ్మకమే.

ఈ ఆదివారం ఇంట్లోవాళ్లదో బాబాయిదో ఒక పాత కారు అడిగి తీసుకోండి. ఫొటోలు తీయండి, రాసుకోండి, కడగండి, సర్దండి. వారం తిరగనిచ్చి మళ్లీ బానెట్ ఎత్తండి. శుభ్రమైన లోహం మీద కొత్తగా పుట్టిన తడి ఎక్కడుందో వెతకండి. అక్కడ తెల్లటి గుడ్డ అద్ది చూస్తే, అది ఆయిలో, కూలెంటో, బ్రేక్ ఆయిలో రంగుతో తెలిసిపోతుంది. మురికి ఉన్నన్నాళ్లూ దొరకని లీకును మీరే కనిపెట్టిన ఆ రోజు తేదీ నోటు పుస్తకంలో రాసుకోండి. మెకానిక్‌గా మీ మొదటి రోజు అదే.