పైలట్‌కు అమెరికా రీజినల్ ఉద్యోగం, వీసా సంగతి

అమెరికాలో స్కైవెస్ట్, రిపబ్లిక్, ఎన్వాయ్ వంటి రీజినల్ ఎయిర్‌లైన్లు చిన్న ఊళ్లను పెద్ద విమానాశ్రయాలతో కలుపుతాయి. విమానం మీద పేరు మాత్రం ఎక్కువగా యునైటెడ్‌దో, డెల్టాదో, అమెరికన్‌దో ఉంటుంది. అక్కడి కుర్ర పైలట్లు వీటిలో కొన్నేళ్లు నడిపి పెద్ద కంపెనీలకు వెళ్లిపోతారు. అలా మిగిలే ఖాళీల మీదే విదేశీ పైలట్ల ఆశంతా.

2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది చనిపోయారు. ఆ తర్వాత వచ్చిన చట్టం వల్ల 2013 నుంచి ఫస్ట్ ఆఫీసర్‌కు (కో-పైలట్‌కు) కూడా ఏటీపీ (ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్) సర్టిఫికెట్ తప్పనిసరి అయింది. దానికి మామూలుగా 1,500 గంటలు ఎగిరి ఉండాలి. 200 గంటలతో భారత్‌లో కమర్షియల్ లైసెన్సు తీసుకున్నవారికి ఇది చాలా దూరం. కోవిడ్‌లో సీనియర్లు ముందుగానే రిటైర్ కావడంతో కొరత ముదిరి, 2022లో కొన్ని రీజినల్ కంపెనీలు కొత్త ఫస్ట్ ఆఫీసర్లకు గంటకు 90 డాలర్ల దాకా ఇచ్చాయి. ఆ జోరు తర్వాత తగ్గింది.

గంటలు కష్టపడితే వస్తాయి. వీసా అలా రాదు. అది చాలావరకు పాస్‌పోర్టును బట్టి ఉంటుంది. ఆస్ట్రేలియా పౌరులకు 2005లో ఏర్పడిన ఇ-3 వీసా ఉంది, ఏటా 10,500 వరకు. కొన్ని రీజినల్ కంపెనీలు దాని మీద ఆస్ట్రేలియన్లను తీసుకున్నాయి. పైలట్ల యూనియన్ అభ్యంతరం చెప్పింది. భారతీయులకు అలాంటి దారి లేదు. హెచ్-1బీ ఉద్యోగ వీసా కావాలంటే ఆ కొలువుకు ఫలానా డిగ్రీ తప్పనిసరి అని చూపించాలి. పైలట్ కొలువుకు కావలసింది లైసెన్సు, గంటలు కాబట్టి ఆ వాదన నిలవడం కష్టం. పైగా ఏటా 85,000 వీసాలకు లాటరీ.

కంపెనీ స్పాన్సర్ చేయకుండానే దరఖాస్తు చేసుకోగలిగే దారుల్లో ఒకటి ఈబీ-2 గ్రీన్‌కార్డు విభాగంలోని నేషనల్ ఇంటరెస్ట్ వైవర్ (జాతీయ ప్రయోజన మినహాయింపు). ఏజెంట్లు ఎక్కువగా చూపించేదీ, ఎక్కువ జాగ్రత్తపడవలసిందీ దీని దగ్గరే. దేశంలో పైలట్ల కొరత ఉందన్నంత మాత్రాన సరిపోదు. ఈ ఒక్క మనిషి పనికి జాతీయ ప్రాముఖ్యం ఉందని రుజువు కావాలి. అది ఆమోదం పొందినా భారత్‌లో పుట్టినవారికి గ్రీన్‌కార్డు క్యూ ఏళ్ల తరబడి సాగుతుంది. ఆమోదపత్రం చేతిలో ఉన్నంత మాత్రాన కాక్‌పిట్‌లో కూర్చోనివ్వరు. దాన్ని నమ్మి ఇల్లు తాకట్టు పెట్టడం తగదు.

ఉద్యోగం దొరికాకా నిలకడ తక్కువే. ఎయిర్‌లైన్లలో అంతా సీనియారిటీ జాబితా ప్రకారమే నడుస్తుంది. చివర చేరినవారినే ముందు ఇంటికి పంపుతారు. స్థానికుడైతే ఇన్‌స్ట్రక్టర్‌గానో, కార్గో విమానంలోనో రోజులు గడుపుతాడు. ఇ-3, హెచ్-1బీ మీద ఉన్నవారికి మరో స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులు.

శిక్షణకే అమెరికా వెళ్లేవారు ఫీజు కట్టకముందే వీసా రకం చూసుకోవాలి. యూనివర్సిటీ డిగ్రీకి ఎఫ్-1 ఇస్తారు. చదువయ్యాక 12 నెలలు ఆ రంగంలో పని చేయవచ్చు, ఇన్‌స్ట్రక్టర్‌గా గంటలు కూడబెట్టుకోవచ్చు. కేవలం ఫ్లయింగ్ స్కూలుకైతే సాధారణంగా ఎం-1. దాని మీద ప్రాక్టికల్ ట్రైనింగ్ ఆరు నెలలు మించదు. ఆ శిక్షణతోనే అర్హత సంపాదించి హెచ్-1బీకి మారడాన్ని నిబంధనలు ఒప్పుకోవు.