గ్యాసు అరిగిపోదు, అల్లుడూ

విజయవాడ



నువ్వు పంపిన ఫొటో నిన్న మీ అమ్మ చూపించింది. పికప్పు బానెట్ ఎత్తి, చేత్తో ఏసీ గ్యాసు డబ్బా పట్టుకుని నవ్వుతున్నావు. "వీడికి నీ పోలికే వచ్చిందిరా తమ్ముడూ" అని అక్క మురిసిపోయింది. నేను మాత్రం నువ్వు రాసిన ముక్క దగ్గరే ఆగిపోయాను. పోయిన వేసవిలో ఒక డబ్బా, మే నెలలో ఒకటి, ఇప్పుడు మూడోది. రెండు వారాలు చల్లదనం, ఆ తర్వాత మళ్ళీ వేడిగాలి. రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు.

గ్యాసు పెట్రోలు కాదురా, బండి తిరిగితే తరిగిపోవడానికి. కంప్రెసర్ నొక్కితే కండెన్సర్లో వేడి వదిలి ద్రవమవుతుంది. డాష్‌బోర్డు వెనక కాయిల్లో ఆవిరై నీ క్యాబిన్ వేడిని లాక్కుంటుంది. తిరిగి కంప్రెసర్‌కే చేరుతుంది. రబ్బరు పైపుల్లోంచి ఏళ్ళ తరబడి కొంచెం జారడం మామూలే. రెండు వారాల్లో పోయిందంటే మాత్రం ఎక్కడో కారుతున్నట్టే. ముందు ఆ చోటు పట్టుకో, గ్యాసు సంగతి తర్వాత.

1984 ఎండాకాలం నీకు చెప్పాలి. ఆటోనగర్‌లో పనిలో చేరి ఏడాది కాలేదు. ఒకాయన అంబాసిడర్ మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ గ్యాసు కొట్టి డబ్బులు తీసుకున్నాను. మా ఉస్తాదు ఊరి నుంచి వచ్చి చిట్టా చూశాడు. ఒక్క మాటా అనకుండా లీకులు పట్టే హేలైడ్ టార్చి వెలిగించి నా చేతికిచ్చాడు. దాని గొట్టాన్ని ఒక్కో జాయింటు దగ్గరికీ తీసుకెళ్ళాను. కంప్రెసర్ వెనక నీలిమంట ఆకుపచ్చగా మారింది. విప్పితే లోపల చిట్లిన రబ్బరు రింగు, టీ ఖరీదు చేసే వస్తువు. రెండుసార్ల డబ్బు తిరిగిచ్చి రమ్మని నన్నే పంపాడు. సైకిల్ మీద గవర్నర్‌పేట వెళ్ళి ఆయన గేటు ముందు నిలబడినప్పుడు పడ్డ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

ఆ మంటకు పచ్చరంగు తెచ్చింది అప్పటి గ్యాసు ఆర్-12లోని క్లోరిన్. ఓజోన్ పొరను తిన్నదీ అదే. 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత ఆ గ్యాసు క్రమంగా తప్పుకుంది. నీ 1997 బండిలో ఉన్నది ఆర్-134ఎ, దానిలో క్లోరిన్ లేదు, టార్చికి దొరకదు. ఓజోన్‌కు హాని లేకపోయినా, వేడిని పట్టి ఉంచడంలో కార్బన్ డయాక్సైడ్‌కు 1,430 రెట్లు. నీ డబ్బా 340 గ్రాములదైతే, ఒక్కొక్కటీ దాదాపు అర టన్ను కార్బన్ డయాక్సైడ్ గాలిలో వదిలినంత పని. మూడు డబ్బాలు ఎంతవుతాయో లెక్క వేసుకో నాన్నా.

ఇంజను ఆపి వెతుకు. ఏసీ నడుస్తుంటే లావు పైపులో ఒత్తిడి ముప్పై పిఎస్ఐ దరిదాపుల్లో ఉంటుంది. ఆపితే లావు, సన్న పైపులు రెండింట్లోనూ సమమై, 30 డిగ్రీల ఎండలో తొంభై దాటుతుంది, చిన్న లీకు కూడా బయటపడుతుంది. పైపు మీద నూనెకు దుమ్ము పట్టిన మరక చూడు. గ్యాసు వెళ్ళేదారిలో నూనెనూ తీసుకుపోతుంది. నూనె తగ్గిన కంప్రెసర్ ఒకనాడు పట్టేస్తుంది. జాయింట్లకు, క్లచ్ వెనక, వాల్వు మూత తీసి లోపలి పిన్ను దగ్గర సబ్బు నురగ రాయి. లీకులు మూస్తామనే మందు డబ్బాలు మాత్రం పోయకు, అవి మిగతా భాగాలనూ, రేపు మెకానిక్ మిషన్‌నూ పాడుచేస్తాయి.

చోటు దొరికాక తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్ళు. ఉన్న గ్యాసు గాలిలోకి వదలనివ్వకు, మిషన్లోకి తీయించు. రింగు మార్చి, కనీసం అరగంట వ్యాక్యూమ్ పెట్టించి, బానెట్ కింద స్టిక్కర్ మీద రాసిన తూకం చూసి ఎక్కించమను. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది. నువ్వే కొట్టాల్సి వస్తే లావు పైపుకే తగిలించు. సన్న పైపు ఒత్తిడికి డబ్బా పేలుతుంది. డబ్బాను తలకిందులు చెయ్యకు.

ఫొటోలో నీ కళ్ళకు అద్దాల్లేవు. ఆ గ్యాసు బయటి గాలిలో మైనస్ 26 డిగ్రీలకే మరిగిపోతుంది, కంట్లో పడితే గడ్డకట్టిస్తుంది. చిన్నప్పుడు నా ఒళ్ళో కూర్చుని నా ఎడమ బొటనవేలి మీద తెల్లమచ్చ గోకి "ఇదేంటి మామయ్యా" అని అడిగేవాడివి. ఇలాంటి గ్యాసు చేసిన మచ్చే అది. ఆ మాట అప్పుడు చెప్పలేదు, పసివాడివి కదా. చేతికి తొడుగు కూడా వేసుకో నా తండ్రీ.

ఏసీ బాగయ్యేదాకా డాలస్ ఎండ ముదరకముందే పనికి బయల్దేరు. సీటు వెనక నీళ్ళ సీసా ఉంచుకో. ఏసీ లేకుండా ఆఫీసుకెళ్తున్నావని అక్కకు నేను చెప్పను.

ఈసారి డబ్బా ఫొటో వద్దు. నురగ లేచిన చోటు ఫొటో పంపు.

మీ మామయ్య