మళ్లీ వెళ్లి చూడు, బిడ్డా

కరీంనగర్

చిరంజీవి బిడ్డకు పెద్దబాపు ఆశీర్వదించి రాయునది.

ఉట్నూరు వైపు నీకు అంగన్‌వాడీ సూపర్‌వైజర్ కొలువు వచ్చిందని మీ బాపు చెప్పినప్పటి నుంచి ఇంట్లో సంబురమే. పిల్లల బరువులు, బాలామృతం లెక్కలు, గుడ్ల లెక్కలు, రిజిస్టర్లు, ఇవన్నీ శిక్షణలో నేర్పుతారు. బడిపంతులుగా బతికినవాణ్ని కాబట్టి నాకు ఒక్క మాట చెప్పాలనిపించింది. ఏ మనిషినీ ఒక్కసారి చూసి తేల్చెయ్యకు. ఏడాది పసిగుడ్డైనా, పద్దెనిమిదేళ్ల పిల్లైనా, డెబ్బై దాటిన అవ్వైనా సరే, మళ్లీ వెళ్లి చూడు.

ఈ మాటకు ఆధారం మన జిల్లాలోనే ఉంది. 2002లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ‘యంగ్ లైవ్స్’ అనే అధ్యయనం మొదలైంది. ఇథియోపియా, పెరూ, వియత్నాంతో పాటు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను ఎంచుకున్నారు. ఇక్కడ తీసుకున్న జిల్లాల్లో కరీంనగర్ ఒకటి. రాష్ట్రం మొత్తం మీద అప్పటికి ఏడాది వయసున్న పిల్లలను సుమారు 2,000 మందిని, ఎనిమిదేళ్ల వాళ్లను సుమారు 1,000 మందిని తీసుకున్నారు. కొన్నేళ్లకోసారి అదే ఇంటికి వెళ్లి, అదే పిల్లవాడి ఎత్తు, బరువు, చదువు, మాట, తన మీద తనకున్న నమ్మకం, రేపటి మీద ఆశ అన్నీ రాసుకుంటూ వచ్చారు. ఆనాటి పసివాళ్లు ఇప్పుడు ఇరవైల్లో ఉన్నారు. వాళ్ల పేర్లు, ఊళ్ల పేర్లు ఎక్కడా బయటపెట్టలేదు. నువ్వు ఇళ్లలోకి వెళ్లి రాసుకునే సంగతులకు కూడా ఆ మర్యాద ఇవ్వు.

ఇన్నేళ్లు వెంట నడిచినందుకు ఏం తెలిసిందో చూడు. ఏడాది వయసులో ఎత్తు బాగా తక్కువున్న పిల్లల్లో కొందరు ఎనిమిదేళ్లు వచ్చేసరికి కోలుకున్నారు. అలా కోలుకున్నవాళ్లు, కోలుకోని పిల్లల కంటే చదువులో, మాటల్లో మెరుగ్గా ఉన్నారు. అయితే మొదటి నుంచీ బాగా ఎదిగిన పిల్లలను పూర్తిగా అందుకోలేకపోయారు. ఈ రెండు సంగతులనూ కలిపే గుర్తు పెట్టుకోవాలి. కడుపులో ఉన్నప్పటి నుంచి రెండేళ్లు నిండేదాకా గడిచే కాలం చాలా విలువైనది, దాన్ని జారిపోనివ్వకు. జారిపోయిందని ఆ పిల్లను వదిలెయ్యకు.

మన దగ్గర కరువు ఎట్లా వస్తుందో నీకు తెలుసు. వానలు పోయిన ఏడు ఇంట్లో పాలు, పప్పు తగ్గిపోతాయి, ఆ దెబ్బ పసివాళ్ల ఒంటి మీద కనిపిస్తుంది. ఆ పిల్లలు బడికి వచ్చాక మధ్యాహ్న భోజనం ఆ లోటును పూడ్చగలిగిందని ఇదే అధ్యయనం లెక్కలు చూపించాయి. అందుకే నీ సెంటర్లలో ఒక్క పూట పొయ్యి వెలగకపోయినా దాన్ని చిన్న విషయంగా తీసుకోకు.

శరీరంతో పాటు మనసూ ఎదుగుతుంది. ఎనిమిదేళ్లప్పుడు ఎత్తు తక్కువున్న పిల్లలు పన్నెండేళ్లకు తమను తాము తక్కువగా అనుకోవడం, పెద్ద చదువుల మీద ఆశ తగ్గించుకోవడం ఈ పరిశోధకులు గమనించారు. ఆడపిల్లల విషయంలో ఇంకో గోస. కొడుకు ఎంతవరకు చదవాలి, బిడ్డ ఎంతవరకు చదవాలి అని తల్లిదండ్రులను అడిగితే జవాబుల్లో తేడా వచ్చింది. ఆ తేడానే తర్వాత పిల్లల సొంత ఆశల్లోకి దిగింది. కాబట్టి తూకం వేసేటప్పుడు పదిమంది ముందు ‘పొట్టిది’, ‘బక్కది’ అనే మాట నీ నోటి నుంచీ రాకూడదు, టీచర్ నోటి నుంచీ రాకూడదు. బిడ్డను ఏం చదివిస్తావని తల్లిని అడుగు. మళ్లీ వెళ్లినప్పుడు మళ్లీ అడుగు. అడిగేవాళ్లుంటే ఆశ నిలబడుతుంది.

నువ్వు వెళ్లేది గోండులు, కొలాములు ఉండే చోటు. ఆ పిల్లలు ఇంట్లో గోండీలోనో కొలామీలోనో మాట్లాడతారు. నాలుగు బొమ్మలు ముందుపెట్టి, ఒక మాట చెప్పి, దాని బొమ్మ చూపించమనే పరీక్ష ఒకటుంది. యంగ్ లైవ్స్ వాళ్లు కూడా వాడారు. గోండు పిల్లను తెలుగులో అలా అడిగి, ఆమె పలకలేదని వెనకబడిందని రాస్తే మనం కొలిచింది తెలుగును మాత్రమే. అదే ప్రశ్న వాళ్ల అవ్వతో వాళ్ల భాషలో అడిగించు. 1943లో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ పూనికతో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టినప్పుడు గోండీలోనే వాచకాలు తయారు చేశారు, గోండు యువకులనే పంతుళ్లుగా తీర్చిదిద్దారు. ఆ తొవ్వ ఎనభై ఏళ్ల కిందే వేసి ఉంది, నువ్వు నడవాలి.

జగిత్యాల, సిరిసిల్ల వైపు బాపు దుబాయిలో, తల్లి బీడీలు చుడుతూ, పిల్ల అమ్మమ్మ ఒళ్లో పెరిగే ఇళ్లు నువ్వు చూసే పెరిగావు. అటువంటి పిల్లకు తల్లి ప్రేమ అందలేదని తొందరపడి రాయకు. మేరీ ఐన్స్‌వర్త్ అనే మనస్తత్వవేత్త 1950లలో ఉగాండా పల్లెల్లో పసిపిల్లలను వాళ్ల ఇళ్లకే పదేపదే వెళ్లి చూసింది. తల్లితో పాటు ఇంట్లో ఇంకొందరితోనూ పిల్లలు గట్టి బంధం పెంచుకోవడం గమనించింది. ఏడిస్తే ఎత్తుకునేదెవరు, భయమేస్తే పిల్ల ఎవరి దగ్గరికి ఉరుకుతుంది? అది చూసి ఆ మనిషితోనే మాట్లాడు. ఆమె అమ్మమ్మ అయితే పోషణ పాఠం అమ్మమ్మకే చెప్పు.

దారి తప్పారని ఊరంతా తేల్చేసిన పిల్లలూ నీకు ఎదురవుతారు. హవాయిలోని కవాయ్ దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ బృందం నలభై ఏళ్ల వయసు దాకా అనుసరించింది. పేదరికం, ఇంట్లో కలతల మధ్య పెరిగినవాళ్లలో సుమారు మూడో వంతు మంది నిలదొక్కుకున్నారు. వాళ్లలో చాలామందికి చిన్నప్పుడు తోడు నిలిచిన పెద్ద మనిషి ఒకరున్నారు. తాతో, అమ్మమ్మో, టీచరో. పద్దెనిమిదేళ్లప్పుడు చెడిపోయారనుకున్నవాళ్లలో కూడా చాలామంది ముప్పై, నలభై వచ్చేసరికి కుదురుకున్నారు. పద్దెనిమిదో ఏట లెక్క మూసేసి ఉంటే ఈ సంగతి ఎవరికీ తెలిసేదే కాదు.

ముసలివాళ్ల మీదా ఇట్లాంటి తీర్పే ఉంది. వార్నర్ షాయ్ 1956లో సియాటెల్‌లో మొదలుపెట్టిన అధ్యయనం దాన్ని సరిచేసింది. ఒకే రోజు యువకులనూ వృద్ధులనూ పక్కపక్కన కొలిస్తే తెలివి తొందరగా తగ్గిపోతున్నట్టు కనిపిస్తుంది. ఎందుకంటే పాత తరానికి చదువే తక్కువ. అదే మనుషులను ఏళ్ల తరబడి చూస్తే వేగం ముందు తగ్గుతుంది గానీ, మాటల మీద పట్టు అరవై దాటేదాకా నిలుస్తుంది. మన దేశంలోనూ 2017-18లో 45 ఏళ్లు దాటినవాళ్లు, వాళ్ల జీవిత భాగస్వాములు కలిపి సుమారు 72,000 మందితో ‘లాసి’ అనే వృద్ధాప్య అధ్యయనం మొదలైంది.

మన మనుషులనే చూడు. వంగర పి.వి. నరసింహారావు గారు అరవై దాటాక కంప్యూటర్ నేర్చుకుని ప్రోగ్రాములు రాశారు. డెబ్బయ్యో ఏట ప్రధాని అయ్యారు. మార్లవాయి కనకరాజు గారు పెద్ద వయసులోనూ కుర్రవాళ్లకు గుస్సాడీ నృత్యం నేర్పి, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. కాబట్టి సెంటర్‌కు మనవణ్ని తీసుకొచ్చే అవ్వను గడప దగ్గరే నిలబెట్టి పంపకు. లోపలికి పిలిచి పాట పాడించు, కథ చెప్పించు. పిల్లలకు మాట వస్తుంది, అవ్వకు పని దొరుకుతుంది.

ఇక నువ్వు చెయ్యాల్సింది ఒకటుంది. సర్కారు రిజిస్టర్ కాక ఒక నోటుబుక్కు పెట్టుకో. ఎదుగుదల ఆగిందని నీకు అనిపించిన పిల్లలకు తలా ఒక పేజీ కేటాయించు. వెళ్లిన తేదీ వేసి, ఆ రోజు పిల్ల ఏం చెయ్యగలిగిందో రాయి. ‘మందమతి’, ‘మొండి’ అనే మాటలు అందులో రాయకు. ‘మెట్టు ఎక్కింది’, ‘రెండు మాటలు కలిపింది’ అని రాయి. తర్వాతిసారి పక్కింటి పిల్లతో పోల్చకుండా ఆ పేజీతోనే పోల్చు. రెండుమూడు సార్లు చూసినా కదలిక లేకపోతే ఆలస్యం చెయ్యకుండా డాక్టర్ దగ్గరికి పంపించు. నీకు బదిలీ అయితే ఆ పిల్లల సంగతి తర్వాత వచ్చేవాళ్లకు కూర్చోబెట్టి చెప్పు. ఎందుకంటే వెళ్లేది ఎవరైనా, ఆ ఇంటికి మళ్లీ వెళ్లాలి.

ఎండలో తిరుగుతావు, పైలంగా ఉండు. వేళకు తిను. మొదటి నెల ఎట్లా గడిచిందో ఉత్తరం రాయి.

ఆశీస్సులతో,
మీ పెద్దబాపు